పెట్టె మీద వేసే వయసు

సభను నడిపిస్తున్న మా మేడమ్ గారికి, ముందు వరసలో చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని కూర్చున్న, ఈ కంపెనీ పెట్టిన వాళ్ళ నాన్నగారు మా పెద్దాయనగారికి, ‘మబ్బుకోట’ సీరియల్ తీసే కంపెనీ తరఫున శ్రమ తీసుకుని వచ్చిన అతిథిగారికి, మెషీన్లు ఆపేసి మరీ వచ్చిన ప్యాకింగ్ చెల్లెళ్ళకీ, అచ్చు గది తమ్ముళ్ళకీ, అందరికీ నమస్కారం. చివరి వరసలో కూర్చుని, ఈవిడ మైకు పట్టుకుంటే ఇవాళ టీ తాగినట్టే అనుకుంటున్న మావారికి కూడా నమస్కారం. (నవ్వులు)

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. నాకు ఇన్నేళ్ళకి, రిటైరయ్యే రోజున వినేవాళ్ళు దొరికారు. తలుపులు కూడా వేసి ఉన్నాయి, కాబట్టి మీకు తప్పదు.

ఇంతకుముందు మాట్లాడినాయన నా అసలు పేరు చదివితే మీలో సగంమంది ఎవరా అని వెనక్కి తిరిగి చూశారు. నేను చూశాను, దాచకండి. (నవ్వులు) ఆ పేరు ఉద్యోగంలో చేరిన రోజున కాగితం మీద రాసిందే తప్ప మళ్ళీ ఎవరూ పిలిచిన పాపాన పోలేదు. అందరికీ నేను రూల్సక్కనే. అతిథిగారికి తెలియదు కాబట్టి చెబుతాను. మా కంపెనీ బల్ల మీద పరుచుకుని ఆడే ఆటలు తయారు చేస్తుంది, అంటే గళ్ళ అట్ట, పాచికలు, బిళ్ళలు, కార్డులు, ఇవన్నీ ఒక పెట్టెలో పెట్టి అమ్ముతాం. ఆ పెట్టెలో మడతపెట్టిన రూల్స్ కాగితం ఒకటి ఉంటుంది. అది రాయడం నా పని. దాంతోపాటు పెట్టె మూల మీద ఈ ఆట ఎన్నేళ్ళవాళ్ళకి అని ఒక అంకె వేస్తాం చూశారా, అది తేల్చడం కూడా నా పనే. ఆట బాగుంటే తయారు చేసినవాడిని మెచ్చుకుంటారు, బొమ్మలు బాగుంటే బొమ్మలు వేసినవాడిని మెచ్చుకుంటారు, ఓడిపోతే మాత్రం రూల్స్ సరిగ్గా రాయలేదంటారు. ఆడలేక మద్దెల ఓడన్నారట. ఇన్నాళ్ళూ ఆ మద్దెలని నేనే. (నవ్వులు)

ఈ వయసు అంకె గురించి రెండు ముక్కలు చెప్పి దిగిపోతాను. మావారు తల అడ్డంగా ఊపుతున్నారు, రెండు ముక్కలతో అవదని ఆయనకి తెలుసు.

నేను చేరిన కొత్తల్లో ఈ అంకెకి ఒక పద్ధతీ పాడూ ఉండేది కాదు. పెద్దాయన తన గదిలోంచి తల బయటపెట్టి, “ఎంత వేద్దామమ్మా?” అనేవారు. పెట్టె మూల ఎంత జాగా మిగిలితే అంత వేసేవాళ్ళం. ఒక ఆటకి నేనే ఉత్సాహంగా ‘ఆరేళ్ళ నుంచి అరవై ఏళ్ళ దాకా’ అని వేయించాను. నోటికి బాగుంది, చెవికి బాగుంది, అందరూ అనే మాటే. అచ్చయింది, దుకాణాలకి వెళ్ళింది, అమ్ముడుపోయింది. ఒకరోజు పొద్దున్నే ఒక పెద్దావిడ ఆ పెట్టె చంకన పెట్టుకుని ఆఫీసుకి వచ్చింది. వయసు డెబ్భై దాటి ఉంటుంది, మనిషి నిటారుగా ఉంది, గొంతు ఇంకా నిటారుగా ఉంది. పెట్టె నా బల్ల మీద ధబ్బుమని పెట్టి, “మా మనవరాలు ఈ అంకె చూపించి, నానమ్మా నీకు వయసైపోయింది, నువ్వు ఆడకూడదు అంటోంది. ఇది రాసిన మనిషిని చూద్దామని వచ్చాను” అంది. నేను లేచి, కూర్చోండమ్మా అన్నాను. “కూర్చోవడానికి రాలేదు. అరవై దాటినవాళ్ళు ఆడితే ఏమవుతుందో చెప్పు. బిళ్ళలు విరుగుతాయా?” అంది. (నవ్వులు) పెద్దాయన బయటికి వచ్చి విషయం విని, ఆవిడకి కుర్చీ వేసి, పెట్టె విప్పి, ఎదురుగా కూర్చుని ఆట మొదలుపెట్టారు. మూడు ఆటలు ఆడారు. మూడూ ఆవిడే గెలిచింది. ఆవిడ వెళ్ళిపోయాక పెద్దాయన నాతో అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. “అమ్మా, ఈ అంకె మనం గదిలో కూర్చుని వేయకూడదు. ఆడేవాళ్ళని పిలిచి వేయాలి.”

అలా మొదలైంది మన శనివారం బల్ల. ప్యాకింగ్ హాలు పక్క గదిలో గుండ్రటి బల్ల, నాలుగు కుర్చీలు. ప్రతి శనివారం మధ్యాహ్నం, ఆ ఆట ముఖం ఎప్పుడూ చూడనివాళ్ళని బయటినుంచి నలుగురిని పిలుస్తాం. ఒక స్కూలు పిల్ల, ఒక బస్సు డ్రైవరు, ఒక టైలరమ్మ, ఒక రిటైరైన మాస్టారు, ఎవరైనా సరే. పెట్టె ముందు పెడతాం. ఎవరూ ఏమీ చెప్పరు. వాళ్ళే విప్పాలి, వాళ్ళే రూల్స్ చదువుకోవాలి, వాళ్ళే ఆడాలి. రూల్స్ రాసిన మనిషి గోడ పక్కన స్టూలు మీద కూర్చోవాలి. నోరు విప్పకూడదు. ఎందుకంటే పెట్టె కొన్న ప్రతి ఇంటికీ ఆ మనిషి వెంట వెళ్ళి చెప్పలేదు కదా.

ఆ స్టూలు సంగతి ఎవరికీ తెలియదు, కూర్చున్నవాళ్ళకే తెలుసు. నేను ఎంతో ముచ్చటపడి రాసిన వాక్యాన్ని ఒకాయన తలకిందులుగా అర్థం చేసుకుని, బిళ్ళలన్నీ తన దగ్గరికి లాక్కుని, ‘నేను గెలిచాను’ అని చేతులు దులుపుకుంటాడు. కక్కలేను, మింగలేను. ఒకసారి ఉండబట్టలేక దగ్గాను. పెద్దాయన తలుపు దగ్గరినుంచి వేలు చూపించి బయటికి పంపేశారు. ఆ దగ్గుతో వాళ్ళకి సూచన అందిందట! (నవ్వులు) ఇంతకుముందు మాట్లాడినవాళ్ళు నన్ను సహనమూర్తి అన్నారు. ఆ సహనమంతా ఆ స్టూలుదే, నాది కాదు. ఇంట్లో ఏమీ మిగల్లేదని మావారు చెబుతారు.

అరవై సంగతి అలా తేలాక, మరి పెద్దవాళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక ఆట చేద్దామన్నారు. చాలా బుర్ర పెట్టాల్సిన ఆట, రేవులూ ఓడలూ బేరసారాలూ ఉన్న ఆట. పిల్లలకి విసుగొస్తుంది కాబట్టి, ఎవరూ పొరపాటున కొనకుండా, ‘పద్దెనిమిదేళ్ళు నిండినవారికి మాత్రమే’ అని ఎర్ర అక్షరాలతో వేశాం. మాకు అందులో ఏ తప్పూ కనిపించలేదు. దుకాణాలవాళ్ళు ఆ పెట్టెలకి పాత పేపరు చుట్టి, అన్నిటికంటే పై అరలో, వెనకాల దాచారు. (నవ్వులు) ఒక దుకాణాయన ఫోన్ చేసి గొంతు తగ్గించి, “అమ్మా, ఒకాయన కొనుక్కెళ్ళి తిరిగి తెచ్చాడు. ఇందులో ఏమీ లేదే, ఓడలే ఉన్నాయి అంటున్నాడు. ఏం చెప్పమంటారు?” అన్నాడు. (చాలాసేపు నవ్వులు) మేడమ్ గారు అప్పుడే కాలేజీ ముగించి ఆఫీసుకి రావడం మొదలుపెట్టారు. ఆ ఫోను ఆవిడే ఎత్తి ఉంటే బాగుండేది, నేను ఎత్తాను.

కింది అంకెతో నాకు ఎప్పుడూ గొడవ లేదు. అది ఉండాలి. చిన్న బిళ్ళ పసిపిల్లల గొంతులో పడుతుంది. అందుకే ప్రతి బిళ్ళనీ పసిపిల్లల గొంతంత గొట్టంలో వేసి, పడుతుందేమో చూస్తాం. చదవడం రానివాడికి చదివే కార్డులిస్తే ఏడుస్తాడు. అది భద్రత, అది న్యాయం. నా గొడవంతా పై అంకెతోనే.

ఇప్పుడు చార్టుల తమ్ముడి దగ్గరికి వస్తున్నాను. తమ్ముడూ, లేచి పారిపోకు. (నవ్వులు) ఈ తమ్ముడు మన అమ్మకాల విభాగానికి వచ్చాక ఆఫీసులో ఖాళీ గోడ లేకుండా పోయింది. ఎక్కడ చూసినా రంగురంగుల చార్టులే. ఈ వయసువాళ్ళు ఎన్ని గంటలు సీరియల్ చూస్తారు, ఆ వయసువాళ్ళు బొమ్మలు కొని ఎందుకు దాచుకుంటారు, అన్నీ ఉంటాయి. నేను మొదట్లో చాలా వెక్కిరించాను. కానీ నిజం చెప్పుకోవాలి. ‘సంత’ అని మనం ఒక ఆట చేశాం, గుర్తుందా? అందరికీ సరిపోవాలి, ఇంటిల్లిపాదీ ఆడాలి అని నేను పట్టుబట్టి చేయించాను. తమ్ముడు వద్దన్నాడు. “అక్కా, అందరికీ ఒకే కొలతతో చొక్కా కుడితే ఎవరికీ పట్టదు” అన్నాడు. నేను వినలేదు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. చివరికి ఏమైంది? పిల్లలకి కష్టమని పక్కన పెట్టారు, పెద్దలకి తేలికని పక్కన పెట్టారు. గోదాములో ఆ పెట్టెల మీద ఎక్కి ప్యాకింగ్ చెల్లెళ్ళు బల్బులు మార్చుకుంటున్నారు. (నవ్వులు) కాబట్టి, ఆదివారమంతా కూర్చుని ఒకే ఆట ఆడే కుర్రాళ్ళకి వాళ్ళ ఆటలు వాళ్ళకి ఉండాలి. ముచ్చటపడి బొమ్మలు కూడబెట్టుకునేవాళ్ళకి వాళ్ళవి వాళ్ళకి ఉండాలి. ఎవరిని దృష్టిలో పెట్టుకుని చేస్తున్నామో తెలియకుండా ఆట చేయకూడదు. అది తమ్ముడు నాకు నేర్పించాడు, ఈ సభలో చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు.

కానీ తమ్ముడూ, ఎవరిని దృష్టిలో పెట్టుకున్నామన్నది వేరు, ఎవరిని బల్ల దగ్గరికి రానిస్తామన్నది వేరు.

కిందటేడు కుర్రకారు కోసం ఒక ఆట చేసి, పెట్టె మీద కింది అంకె, పై అంకె రెండూ వేశాం. శనివారం బల్లకి పదిహేనేళ్ళ అమ్మాయి వచ్చింది. చాలా బాగా ఆడింది, అందరికంటే ముందే కిటుకు పట్టేసింది. అయిపోయాక నచ్చిందా అని అడిగితే, “చాలా బాగుంది” అంది. కొనుక్కుంటావా అంటే ఆ పిల్ల పెట్టెవైపు చూసి, “వద్దండీ. ఇంట్లో నాతో ఎవరు ఆడతారు? మా తమ్ముడికి ఎనిమిదేళ్ళు, మా అమ్మకి నలభై, మా తాతకి ఎన్నేళ్ళో తాతకే తెలియదు. ఈ పెట్టె మీద వాళ్ళెవరూ లేరు కదా” అంది.

పదిహేనేళ్ళ పిల్లకి ఇంట్లో పదిహేనేళ్ళవాళ్ళు ముగ్గురు దొరకరు. ఒక తమ్ముడో, ఒక అత్తో, కాళ్ళు చాపుకుని కూర్చునే తాతో దొరుకుతారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మన ఆట మొదట గెలవాల్సింది ఆ ఇంట్లో. కుర్రాళ్ళకని చేసిన ఆటని కుర్రాళ్ళే ఇంట్లోకి తెస్తారు, ఒప్పుకుంటాను. కానీ తెచ్చాక అది బల్ల మీదికి రావాలంటే, పక్కవాళ్ళు కూడా తమని పిలిచినట్టు అనుకోవాలి. పై అంకె వేశామంటే, పిలవలేదని మనమే అచ్చు వేసి చెప్పినట్టు.

సరే, ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది చెప్పకుండా ఇంటికి వెళితే నాకు నిద్రపట్టదు.

రేపు శనివారం. రేపు బల్ల మీదికి ‘మబ్బుకోట’ ఆట వస్తుంది. అతిథిగారి సీరియల్ పేరుతో మన కంపెనీ చేసిన పెద్ద ఆట అది. రేపటి బల్ల చూసుకుని పెట్టె అచ్చుకి పంపిస్తారు. దాని మీద పదమూడు నుంచి పంతొమ్మిది అని వేయాలని అనుకున్నారు. ఇంకో కొత్త నిర్ణయం కూడా అయింది. ఇకమీదట పెట్టె మీద ఏ వయసు వేస్తే, శనివారం బల్లకి ఆ వయసువాళ్ళనే పిలవాలని. ఆ మాట మొదట ఎవరికి తగిలిందో మీకు తెలుసు. కంపెనీ మేడమ్ గారికి అప్పగించాక పెద్దాయన బయటి మనిషిలా వారం వారం వచ్చి ఆ బల్ల దగ్గర ఒక కుర్చీలో కూర్చునేవారు. ఈ నెలనుంచి రావడం లేదు. మర్యాదగానే చెప్పారు, ఎవరూ అమర్యాద చేయలేదు, మేడమ్ గారు కూతురిగా దగ్గరుండి మరీ చెప్పారు. పెద్దాయన కూడా సరేనన్నారు. ఆయన ఎప్పుడు కాదన్నారు కనుక?

రెండో దెబ్బ నాకు తగిలింది. ఇందులో నా స్వార్థం ఉంది, దాన్ని ధర్మపన్నాల కింద దాచను.

నేను ఇన్నేళ్ళలో ఆ బల్ల దగ్గర కుర్చీలో ఒక్కసారి కూడా కూర్చోలేదు. స్టూలు మీదే కూర్చున్నాను. ప్రతి ఆటకీ రూల్స్ రాసింది నేనే కాబట్టి నాకు తెలియని ఆట ఒక్కటీ లేదు, తెలిసినవాళ్ళకి ఆ కుర్చీ లేదు. ఇంట్లో ఆడదామన్నా కుదరలేదు. మావారు పాచికలు వేస్తుంటే ఆయన ముఖంలో విసుగు ఎక్కడ మొదలైందా అని చూస్తూ కూర్చునేదాన్ని. ఆయన ఒకరోజు, “నేను నీ మొగుడినా, నీ శనివారం మనిషినా?” అని లేచిపోయారు. (నవ్వులు) నలుగురు బల్ల చుట్టూ కూర్చుని ఏమవుతుందో తెలియకుండా పెట్టె మూత తీస్తారు చూశారా, ఆ క్షణంలో వాళ్ళ ముఖాలు చూసి ఎంత కుళ్ళుకునేదాన్నో నాకే తెలుసు. రిటైరైన మర్నాడు నేను బయటి మనిషినవుతాను కదా, అప్పుడు పిలుస్తారు, అప్పుడు కూర్చుంటాను అనుకుంటూ వచ్చాను. ‘మబ్బుకోట’ రూల్స్ నేను రాయలేదు. నా తర్వాత ఈ పని చేయబోయే మన చిన్నమ్మాయి రాసింది, అదుగో, గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది. ఒక్కసారి చూడక్కా అని ఎన్నిసార్లు బతిమాలిందో. నేను కావాలనే చూడలేదు. చూస్తే ఆ కుర్చీ పోతుందని. పాపం, కోపం వచ్చిందనుకుంది.

అంతా సిద్ధం చేసుకున్నాక, తీరా నా వయసు పెట్టెలో పట్టదన్నారు. అరవైలో ఇరవై అంటారు, పంతొమ్మిది అనరు కదా, ఒక్క ఏడాదిలో పోయింది! (నవ్వులు) నవ్వుతున్నాను కానీ, బాధగానే ఉంది. నేను ఈ ఉద్యోగంలో సంతోషంగా ఉన్నాను. ఎవరి మీదా మనసులో ఏమీ లేదు. గోడ గడియారం ఇచ్చారు, బాగుంది, ఇంట్లో తగిలించుకుంటాను. కానీ నాకు ఏం కావాలని మీరు ముందు అడిగి ఉంటే, రేపు మధ్యాహ్నం ఆ గదిలో ఒక కుర్చీ కావాలని అడిగేదాన్ని. నాకొకటి, పెద్దాయనకొకటి.

(మేడమ్ చార్టుల తమ్ముడివైపు వంగి ఏదో అన్నారు.)

ఏమిటి మేడమ్, గుసగుసలు? తమ్ముడు లేచాడు. అందరూ వినేలా చెప్పు బాబూ, మైకు దగ్గరికి రా.

(చార్టుల తమ్ముడు: “అక్కా, మీరు చెప్పినందుకు పై అంకె తీసేయను. నాకు ఇంకా నమ్మకం కుదరలేదు. రేపు రెండు బల్లలు వేద్దాం. ఒకదాని దగ్గర నేను పిలిచిన పిల్లలు నలుగురు ఆడతారు. రెండోదాని దగ్గర మీరు, పెద్దాయన, పదమూడు నిండని చిన్నపిల్ల ఒకతి, పదిహేనేళ్ళ అబ్బాయి ఒకడు. ఆట అయిపోయాక ఎవరూ అడగకుండా, ఇంకో ఆట వేద్దామని ఏ బల్ల అంటుందో చూద్దాం. మీ బల్ల అనకపోతే అంకె అలాగే ఉంటుంది.”)

(చప్పట్లు)

అది న్యాయం. నేను అడిగినదానికంటే అదే న్యాయం. ఊరికే ఇచ్చేస్తే రిటైరైన ముసలమ్మకి మర్యాద చేసినట్టు ఉండేది. చిన్నమ్మాయ్, రేపు స్టూలు మీద నువ్వు. నీ వాక్యాలు నేను తలకిందులుగా అర్థం చేసుకుంటాను, చూస్తూ కూర్చోవాలి. దగ్గితే బయటికి పంపిస్తారు, జాగ్రత్త. (నవ్వులు)

(పెద్దాయన ముందు వరసలోంచి గట్టిగా: “ఎన్నింటికి?”)

(సభ అంతా నవ్వులు, చప్పట్లు)

మూడింటికి, అయ్యగారూ, మూడింటికి! చెవి వినపడదంటారు కానీ ఆయనకి కావలసిన మాట ఎంచక్కా వినపడింది.

ఇంక నేను ఆపకపోతే మావారు నిజంగానే లేచి వెళ్ళిపోతారు. మేడమ్ గారూ, నా మాటకి అడ్డు చెప్పాల్సినప్పుడు చెప్పి, వినాల్సినప్పుడు విన్నారు, మీకు కృతజ్ఞతలు. అతిథిగారూ, మీ సీరియల్ నేను ఒక్క ముక్క కూడా చూడలేదు, రేపటి కోసమే చూడలేదు, ఏమీ అనుకోకండి. అచ్చు గదివాళ్ళూ, ప్యాకింగ్ చెల్లెళ్ళూ, నా రూల్స్ కాగితాన్ని ఒక్క పెట్టెలో కూడా మర్చిపోకుండా పెట్టిన మీ చేతులకి దండం. తమ్ముడూ, నాతో పోట్లాడినందుకు థాంక్స్.

గోడ పక్కన కూర్చున్నన్నాళ్ళూ నేను ఒక్కసారి కూడా ఓడిపోలేదు. అసలు ఆడితేగా ఓడిపోవడానికి! రేపు పెద్దాయన నన్ను చిత్తుచిత్తుగా ఓడిస్తారు, ఆ ముఖంలో సంబరం చూస్తుంటేనే తెలుస్తోంది. ఓడిపోయి, బిళ్ళలన్నీ మళ్ళీ పోగుచేసి, ఇంకో ఆట వేద్దామని నేనే అడుగుతానేమో. ఆ ఆత్రం ఆపుకోలేక ఇంటికి వెళ్తున్నాను. మీ అందరి దగ్గరా ఇక సెలవు.